యంత్రం చెప్పిందే ఉన్నట్టు

కమిషనర్ గారు మూడు రోజుల శిక్షణకి వెళ్ళొచ్చారంటే కింది ఆఫీసులకి మూడేళ్ళకి సరిపడా పని తగిలిందన్నమాటే. ఒకసారి వెళ్ళొచ్చి ఫైళ్ళన్నిటికీ రంగురంగుల నాడాలు కట్టించారు. ఇంకోసారి వెళ్ళొచ్చి రోజూ పదకొండింటికి సిబ్బంది అందరిచేతా ముక్కు మూయించి గాలి పీల్పించారు. ఈసారి శిక్షణలో ఎవరో కుర్రాయన కంప్యూటర్లో నల్లతెర ఒకటి తెరిచి, ఎల్ ఎస్ హెచ్ డబ్ల్యు అని నాలుగక్షరాలు కొట్టి మీట నొక్కాడట. నొక్కగానే ఆ కంప్యూటరు తన ఒంట్లో ఏ భాగం ఉందో, ఎవరు చేశారో, దాని నంబరెంతో, పక్కన ఏమేం తగిలించారో వరసపెట్టి చెప్పేసిందట. కమిషనర్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారట. ముప్పై ఏళ్ళ సర్వీసులో అడిగిన ప్రశ్నకి తిన్నగా జవాబు చెప్పినవాణ్ణి ఆయన చూడటం అదే మొదలు మరి.

వారం తిరక్కుండా రాష్ట్ర తాటాకు ఉత్పత్తుల మండలి ఆఫీసులన్నిటికీ సర్క్యులర్ నంబరు 41 వచ్చిపడింది.

"ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, కార్యాలయ పరికరములను మానవ నేత్రములతో తనిఖీ చేయు పద్ధతి లోపభూయిష్టమని గుర్తించడమైనది. మానవ నేత్రము అలసిపోవును, మొహమాటపడును, అవసరమైనచో మూసుకొనును. కావున ఇకమీదట యంత్రమే తన నల్లతెరపై వాంగ్మూలము ఇచ్చుకొనవలెను. ఆజ్ఞకు బదులుగా తెరపై కనిపించినది ఉన్నట్లును, కనిపించనిది లేనట్లును పరిగణించవలెను. మానవులు వ్రాసిన పత్రమునకును యంత్రము చెప్పిన మాటకును తేడా వచ్చినచో, యంత్రము మాటయే చెల్లును."

రావులలంక డివిజనల్ ఆఫీసులో ఆ సర్క్యులర్ కవరు చింపింది సీనియర్ అసిస్టెంటు దయామణి. చింపిందే గానీ చదవలేదు. అదే టపాలో దాని కింద ఇంకో కవరుంది. అందులో ఆవిడ బదిలీ ఆర్డరుంది. భార్యాభర్తలు ఒకే ఊళ్ళో పనిచేసుకోవచ్చుననే కేటగిరీ కింద తొమ్మిదేళ్ళుగా దరఖాస్తు పెడుతుంటే, తొమ్మిదో ఏట మండలివారి మనసు కరిగి, ఆవిణ్ణి గుట్టపల్లె ఆఫీసుకి వేశారు. ఆ గుట్టపల్లెలోనే ఆవిడ భర్త రాజారత్నం హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు.

తొమ్మిదేళ్ళుగా ఆ మొగుడూ పెళ్ళాల కాపురం రెండో శనివారాల కాపురం. ఆయన శుక్రవారం సాయంత్రం అక్కడ రైలెక్కితే పదిహేడు గంటలకి ఇక్కడ దిగేవాడు. స్నానం చేసి, ఇంత తిని, పప్పు ఉప్పు డబ్బాల మీద పేర్లు రంగులతో రాసిపెట్టి, ఆదివారం పొద్దున్నే మళ్ళీ రైలెక్కేవాడు. పెళ్ళయి పదేళ్ళయినా ఆయనకి కాఫీలో పంచదార ఎంత వెయ్యాలో దయామణికి సరిగ్గా తెలియదు. ఆర్డరు పట్టుకుని ఆవిడ ఆఫీసు వెనక వరండాలోకి వెళ్ళి కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది.

ఆర్డరు చివర ఒక వాక్యం ఉంది. ముప్పై ఒకటో తారీఖులోగా చేరాలి, చేరకపోతే బదిలీ రద్దు. చేరాలంటే ఇక్కడ రిలీవింగ్ ఆర్డరివ్వాలి. అదివ్వాలంటే ఆవిడ చేతికింద ఉన్న సామాన్లన్నీ రిజిస్టరు ప్రకారం సరిపోయాయని డివిజనల్ అధికారి సంతకం పెట్టాలి. మామూలుగా అయితే అదెంత పని! అటెండరు చిట్టియ్య సుద్దముక్క పట్టుకుని "బీరువా ఉందండి, ఫేనుందండి, కంప్యూటరుందండి" అంటూ తిరిగితే, అధికారి "ఊఁ, ఊఁ" అంటూ టీ తాగి సంతకం గీకేసేవారు. టీ చల్లారేలోపు అయిపోయే తంతు.

నంబరు 41 వచ్చాక అది తంతు కాదు, వాంగ్మూలం.

డివిజనల్ అధికారి గున్నేశ్వరరావుగారు రూలంటే ప్రాణం పెట్టే మనిషి. ఆయన భోజనం డబ్బా కూడా మూత మీద నంబరు ఉంటే తప్ప తెరవరు. సర్క్యులర్ ప్రకారం ఆ సోమవారం పదకొండింటికి ఇద్దరు పంచాయతీదార్ల సమక్షంలో యంత్రాన్ని ప్రశ్నించడానికి ముహూర్తం పెట్టారు. పంచాయతీదార్లు అంటే సాక్షులు. వాళ్ళు మరెవరో కాదు, ఎదురుగా టీకొట్టు సూరిబాబూ, పక్కన జిరాక్సు కొట్టాయనా.

దయామణి ఆజ్ఞ కొట్టింది. యంత్రం కాస్త చెప్పి, మిగతాది సూపర్ యూజరుకి తప్ప చెప్పనంది.

"సూపర్ యూజరంటే ఎవరమ్మా?" అన్నారు గున్నేశ్వరరావుగారు.

"అన్నిటిమీదా అధికారం ఉన్నవాళ్ళండి. పాస్‌వర్డ్ కొట్టాలి."

"అన్నిటిమీదా అధికారం..." అని ఆయన ఆ మాటని నోట్లో కాసేపు చప్పరించారు. "ఈ డివిజన్లో అది నేనే కదమ్మా!"

మర్నాటికల్లా ఆయన గది బయట బోర్డు మీద డివిజనల్ అధికారి అన్న పదవి కింద 'మరియు సూపర్ యూజర్' అని పసుపు రంగుతో రాయించారు. పాస్‌వర్డుని ఒక కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, లక్క ముద్ర వేసి, ఇనప బీరువాలో పెట్టి రెండు తాళాలు వేయించారు. ఒక తాళం ఆయన దగ్గర, రెండోది దయామణి దగ్గర. ట్రెజరీలో స్టాంపు కాగితాలకి ఇంత భోగం లేదు.

రెండోసారి కూర్చున్నప్పుడు బీరువా తెరిచి, ముద్ర పగలగొట్టి, పాస్‌వర్డుని ఒక్క వేలితో ఆయనే కొట్టారు. ఈసారి యంత్రం దాపరికం లేకుండా మూడొందల పన్నెండు లైన్లు చెప్పింది. అచ్చు తీసి ప్రతి పేజీ మీదా సంతకాలు పెట్టించుకున్నారు. ఆ మూడొందల పన్నెండు లైన్లలో ఇనప బీరువా లేదు, ఫేను లేదు, కుర్చీలు లేవు. అవన్నీ లేనట్టే అని గున్నేశ్వరరావుగారు ఫేను కింద, కుర్చీలో కూర్చుని నిర్ణయం రాశారు.

"లేని బీరువాలో పాస్‌వర్డ్ కవరు పెట్టొచ్చాండి?" అనడిగాడు చిట్టియ్య.

"అంతకన్నా భద్రమైన చోటేముందోయ్? లేనిదాన్ని ఎవడు దోచుకుంటాడు?" అన్నారాయన. అంతలో ఆయన కన్ను నాలుగో పేజీ మీద పడింది. ఆగింది. అక్కడే నిలిచిపోయింది. "మెమరీ. స్లాటు ఒకటి, నాలుగు జీబీ. స్లాటు రెండు, నాలుగు జీబీ. స్లాటు మూడు, ఖాళీ. స్లాటు నాలుగు, ఖాళీ. ఏంటమ్మా దయామణిగారూ, ఈ ఖాళీలేంటి?"

"అక్కడ మెమరీ ముక్కలు లేవండి. కొన్నప్పటినుంచీ లేవు. కావాలంటే పెట్టుకోడానికి చోటు మాత్రం వదులుతారండి."

"చోటుంది కదా?"

"ఉందండి."

"చోటు పెట్టినవాడు ఊరికే పెడతాడా?"

టీకొట్టు సూరిబాబు ఉండబట్టలేకపోయాడు. "మా ఇంట్లో కూడా రెండు గదులు ఖాళీయేనండి. అందులోవాళ్ళని ఎవరూ ఎత్తుకెళ్ళలేదండి, మేమే ఎవర్నీ పెట్టలేదు."

"సాక్షి మాట్లాడకూడదు, చూడాలి," అన్నారు గున్నేశ్వరరావుగారు. అని, చూడటం కూడా నంబరు 41 ప్రకారం చెల్లదని గుర్తొచ్చి, "చూడక్కర్లేదు కూడా. సంతకం పెడితే చాలు," అని దిద్దుకున్నారు.

ఆ సాయంత్రమే హెడ్డాఫీసుకి రిపోర్టు వెళ్ళింది. సీనియర్ అసిస్టెంటు శ్రీమతి దయామణి సంరక్షణలోనున్న యంత్రమునందు నాలుగు మెమరీ స్థానములకు గాను రెండు మాత్రమే భర్తీ అయియున్నవి, మిగిలిన రెండును కనబడుటలేదు, యంత్రమే స్వయముగా ఈ మాట చెప్పియున్నది, కావున రిలీవింగ్ ఆర్డరు నిలుపుదల చేయడమైనది. అది ఆ నెల పదో తారీఖు.

పదమూడో తారీఖుకల్లా హెడ్డాఫీసు నుంచి విచారణాధికారి దిగారు. పేరు త్రివిక్రమం. ఆయన చేతిలో సంచీ, సంచీలో నంబరు 41 కాపీలు ఇరవై. దయామణి ఆరేళ్ళనాటి బిల్లు వెతికి తీసి ముందు పెట్టింది. అందులో స్పష్టంగా ఉంది, నాలుగు జీబీ ముక్కలు రెండు అని. త్రివిక్రమం దాన్ని వేలితో కూడా ముట్టుకోలేదు.

"ఇది మానవులు వ్రాసిన పత్రము."

"అమ్మినవాళ్ళు రాసిందే కదండీ!"

"అమ్మినవారును మానవులే. యంత్రము ఖాళీ అనుచున్నది. పత్రము ఖాళీ అను మాట అనుటలేదు. కావున పత్రము ఏదో దాచుచున్నది."

"అసలు లేనే లేని వస్తువుని లేదని ఎలా రుజువు చెయ్యమంటారండీ?" అంది దయామణి. "మీకు పుణ్యముంటుంది, ముప్పై ఒకటిలోగా నేను చేరాలండి. తొమ్మిదేళ్ళయిందండి!"

"అది విచారణ పరిధిలోనికి రాదు," అన్నారు త్రివిక్రమం. కఠినంగా అనలేదు పాపం, చాలా మర్యాదగానే అన్నారు. మర్యాదగా అన్న మాటలకే జవాబు చెప్పడం కష్టం.

ఆ మధ్యాహ్నం భోజనాల వేళ ఆవిడ రాజారత్నానికి ఫోన్ చేసి అంతా చెప్పింది. ఆయన విని, స్కూల్లో ఉన్నానన్న సంగతి కూడా మర్చిపోయి గట్టిగా తిట్టాడు. తర్వాత చల్లబడి, "దయా, ఇదంతా ఎందుకు? ఆ రెండు ముక్కలూ బజార్లో దొరుకుతాయి. కొని పెట్టేసి వచ్చెయ్. పీడా పోతుంది," అన్నాడు.

అదీ నిజమేననిపించింది. జిరాక్సు కొట్టాయన రాజమండ్రి వెళ్ళి తెచ్చిపెట్టాడు. పెట్టెలో బిగించిందీ ఆయనే. పదిహేడో తారీఖున మళ్ళీ వాంగ్మూలం తీశారు. లక్క పగిలింది, ఒంటి వేలు కదిలింది, యంత్రం పలికింది. స్లాటు మూడు, నాలుగు జీబీ. స్లాటు నాలుగు, నాలుగు జీబీ. ఖాళీ అన్న మాటే లేదు. దయామణి ఊపిరి పీల్చుకుని రిలీవింగ్ ఆర్డరు కాగితం తీసి గున్నేశ్వరరావుగారి ముందు పెట్టింది.

ఆయన పెన్ను తీశారు. త్రివిక్రమం ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"తొందరపడవద్దు. రిజిస్టరులో ఎనిమిది. యంత్రము పదహారు అనుచున్నది. ఈ ఎనిమిదియు ఎచ్చటనుండి వచ్చినవి?"

"నేనే కొని పెట్టానండి," అంది దయామణి.

"అట్లు చెప్పకుండినచో బాగుండెడిది. వచ్చినవి అనగా ఎచ్చటనో ఉండినవి. ఎచ్చటనో ఉండినవి అనగా ఇచ్చటనుండి పోయినవి. పోయినవాటిని పట్టుబడిన పిమ్మట తిరిగి పెట్టుట నేరాంగీకారము క్రిందికి వచ్చును."

దయామణి తెరవైపు చూసింది. "అయితే తీసెయ్యమంటారా?"

"తీసినచో మరల పోయినట్లు."

"ఉంచితే?"

"ఉంచినచో ఒప్పుకొనినట్లు."

గున్నేశ్వరరావుగారు ఆ తర్కానికి మురిసిపోయి, "ఎంత చక్కగా ముడేశారండీ!" అన్నారు. ఆయనకి దయామణి మీద కోపమేం లేదు. నిజానికి ఆవిడ ఉప్మా డబ్బాలోంచి రోజూ రెండు చెంచాలు తినే మనిషి. కానీ రూలు అందంగా పనిచేస్తుంటే చూసి ఆనందించకుండా ఉండలేరు.

హెడ్డాఫీసులో ఆనందం ఇంకా ఎక్కువగా ఉంది. ఇన్నేళ్ళుగా ఏ మానవ నేత్రానికీ అందని లోటుని యంత్రం ఒక్క మీటతో పట్టేసిందని కమిషనర్ గారు రావులలంక డివిజన్‌కి ప్రశంసాపత్రం పంపారు. ప్రశంసాపత్రంతోపాటే సర్క్యులర్ నంబరు 41-ఏ పంపారు.

"పరికరముల విషయమున సత్ఫలితములిచ్చిన ఈ పద్ధతిని సిబ్బందికిని వర్తింపజేయడమైనది. ప్రతి ఉద్యోగికిని పేరును, నంబరును గల పెన్‌డ్రైవ్ ఒకటి ఇవ్వబడును. ఉదయం పది ముప్పైకి దానిని కార్యాలయ యంత్రమునకు తగిలించవలెను. ఆజ్ఞకు బదులుగా యంత్రము చూపిన ఉద్యోగి హాజరైనట్లును, చూపని ఉద్యోగి లేనట్లును పరిగణించవలెను. తగిలించు సాధనమునకు సూపర్ యూజరే సంరక్షకుడు."

రావులలంక ఆఫీసులో పదిమంది సిబ్బంది. అన్ని పెన్‌డ్రైవ్‌లూ ఒకేసారి గుచ్చడానికి పది కన్నాల హబ్బు ఒకటి పంపారు. గున్నేశ్వరరావుగారు దానికి కుంకుమ బొట్టు పెట్టి, మొదటి కన్నంలో తన పెన్‌డ్రైవ్ గుచ్చి ప్రారంభోత్సవం చేశారు. గుచ్చింది మళ్ళీ తీయలేదు. ఆయనకి ఊరవతల రొయ్యల చెరువుంది. మర్నాటినుంచీ ఆయన చెరువు దగ్గరా, ఆయన పెన్‌డ్రైవ్ ఆఫీసులోనూ విధులు నిర్వహించడం మొదలైంది.

మిగతావాళ్ళకి అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. మూడోరోజు అందరూ తమ తమ పెన్‌డ్రైవ్‌లు చిట్టియ్య చేతిలో పెట్టేశారు. చిట్టియ్య పొద్దున్నే వచ్చి అందర్నీ ఒక్కొక్కళ్ళనే గుచ్చి, తనని తాను కూడా గుచ్చుకుని, తాటాకు బుట్టలు ఆరబెట్టుకోడానికి ఇంటికి పోయేవాడు. నంబరు 41-ఏ వచ్చాక ఆ ఆఫీసులో నూటికి నూరు శాతం హాజరు. అంతకుముందెప్పుడూ లేదు.

రోజూ ఒంటితో వచ్చి కూర్చుంటున్నది ఒక్క దయామణే. వెళ్ళడానికి కాగితం రాలేదు, ఉండటానికి మనసు రాలేదు. ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని క్యాలెండరు చూసుకునేది. ఇరవై నాలుగు. ఇరవై ఆరు. ఇరవై ఎనిమిది. రాజారత్నం రోజూ ఫోన్ చేసి, "ఏమన్నా తేలిందా?" అని అడిగి, తేలలేదంటే ఇంకేం మాట్లాడకుండా పెట్టేసేవాడు. ఒకరోజు మాత్రం "రెండు ప్లేట్లు కొన్నాను దయా, పింగాణీవి," అన్నాడు. ఆ పూట ఆవిడకి అన్నం దిగలేదు.

ఇరవై తొమ్మిదో తారీఖున గున్నేశ్వరరావుగారు నెలాఖరు వాంగ్మూలం కోసం చెరువు దగ్గర్నించి వచ్చారు. ఆజ్ఞ కొట్టించారు. హబ్బుకి పది కన్నాలని చెప్పి, యంత్రం తొమ్మిదిమందినే చూపించింది. దయామణి పేరు లేదు. ఆవిడ పెన్‌డ్రైవ్ మూతికి ఏదో మట్టి పట్టి సరిగా అంటుకోలేదు.

ఆయన హాజరు కాగితంలో ఆవిడ పేరు ఎదురుగా 'గైరుహాజరు' అని రాయబోయారు.

"అదేంటండీ, ఇదిగో ఇక్కడే ఉన్నాను కదా!" అంది దయామణి, ఆయన మోచేతి పక్కన నిలబడి.

"ఉన్నారమ్మా. నాకు శుభ్రంగా కనిపిస్తున్నారు. కానీ నాకు కనిపించడం నంబరు 41 ప్రకారం చెల్లదు."

"అంటే నేను లేనట్టేనా?"

"రూలు ప్రకారం లేరమ్మా." ఆయన బాధపడ్డారు కూడా. "నేనేం చెయ్యను?"

దయామణి ఆ కాగితం వంక చూసింది. తొమ్మిదేళ్ళుగా ఈ ఆఫీసులో ఉత్తరాలు రాసిన బుర్ర అది. మెల్లగా పనిచెయ్యడం మొదలుపెట్టింది. ఆవిడ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"లేని మనిషికి రిలీవింగ్ ఆర్డరిస్తారాండి?"

"చచ్చినా ఇవ్వకూడదు. లేని మనిషిని ఎక్కడినుంచి రిలీవ్ చేస్తాం?"

"లేని మనిషిమీద మెమరీ ముక్కల విచారణ నడుస్తుందాండి?"

"ఎలా నడుస్తుందమ్మా? సంజాయిషీ ఎవరిస్తారు?"

"మరి లేని మనిషి ఈ గుమ్మం దాటి వెళ్ళిపోతుంటే ఆపడానికి ఏదైనా రూలుందాండి?"

గున్నేశ్వరరావుగారు నంబరు 41 తీశారు. 41-ఏ తీశారు. మొదట్నించి చివరికి, చివర్నించి మొదటికి చదివారు. కళ్ళజోడు తుడుచుకుని అడుగున చిన్న అక్షరాలు కూడా చదివారు.

"లేదమ్మా," అన్నారు చివరికి, నిజాయితీగా. "అలాంటి రూలేం లేదు."

దయామణి హబ్బు దగ్గరికెళ్ళి తన పెన్‌డ్రైవ్ పీకి, కొంగుతో మూతి తుడిచి, హేండ్‌బ్యాగులో వేసుకుంది. బీరువా తాళం ఆయన బల్లమీద పెట్టింది. "వస్తానండి," అంది అలవాటు కొద్దీ. ఆయన జవాబు చెప్పలేదు. లేని మనిషికి జవాబు చెప్పడం సబబేనా కాదా అని ఆలోచిస్తున్నట్టున్నారు.

ముప్పై ఒకటో తారీఖు పొద్దున పది దాటాక ఆవిడ గుట్టపల్లె ఆఫీసు మెట్లెక్కింది. రాజారత్నం సూట్‌కేసు పట్టుకుని గేటు దగ్గరే నిలబడిపోయాడు. అక్కడి అధికారి ఓబుళరెడ్డి పెద్ద మీసాల మనిషి.

"ఏమ్మా, చేరేకొచ్చినావా? మంచిది. రిలీవింగ్ ఆర్డరు యాడుంది?"

"లేదండి. ఇది ఉంది," అని దయామణి పెన్‌డ్రైవ్ ఇచ్చింది.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి యంత్రానికి గుచ్చాడు. ఆజ్ఞ కొట్టించాడు. తెరమీద పేరు వచ్చింది, నంబరు వచ్చింది. టైము పదిన్నర. ఓబుళరెడ్డి మీసం దువ్వుకున్నాడు. "యంత్రమే నువ్వుండావని చెప్తాంటే ఇంగ కాదనేదానికి నేనెవర్నమ్మా? పో, ఆ కిటికీ పక్క కుర్చీలో కుచ్చో."

బయటికొచ్చి ఆ మాట చెప్పేసరికి రాజారత్నం సూట్‌కేసు కింద పెట్టి, దానిమీదే కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ సాయంత్రం పింగాణీ ప్లేట్లలో తిన్నారు. కాఫీలో పంచదార చెంచాన్నర అని దయామణికి తెలిసింది.

కథ ఇక్కడితో అయిపోవలసిందే. కానీ రావులలంకలో నెలనెలా వాంగ్మూలం తీస్తూనే ఉంటారు కదా! రెండు నెలల తర్వాత చిట్టియ్య ఫోన్ చేశాడు.

"మేడమ్ గారండీ, బాగున్నారాండి? ఇక్కడ మన సారు పని అయిపోయిందండి. హబ్బుకి పది కన్నాలండి, మనుషులు తొమ్మిదిమందేనండి. పదో కన్నం ఖాళీ ఏంటని ఆ త్రివిక్రమం గారు మళ్ళీ దిగాడండి. ఒక సీనియర్ అసిస్టెంటు పోయిందండి అంటాడు. హబ్బుకి సంరక్షకుడు సూపర్ యూజరే కదండి, అంచేత మిమ్మల్ని మా సారే ఏదో చేసేశారని రాసేశాడండి."

"అదేంటి చిట్టియ్యా? నేనిక్కడ చేరానని ఉత్తరం వచ్చుండాలే!"

"వచ్చిందండి. మానవులు రాసిన పత్రం అన్నాడండి. పోనీ గుట్టపల్లె యంత్రం చెప్తోంది కదాని సారు అంటే, ఆ యంత్రం మాట ఆ యంత్రానికే, ఈ యంత్రం ఖాళీ అంటోంది అన్నాడండి. పైగా మీ మెమరీ ముక్కలు కూడా సారు నెత్తినే పడ్డాయండి. ప్రమోషను ఆపేశారండి. మనిషి సగమైపోయాడండి."

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్నే గుట్టపల్లెలో వాళ్ళింటి తలుపు తట్టిన చప్పుడైంది. తీస్తే గున్నేశ్వరరావుగారు. పదిహేడు గంటలు రైల్లో కూర్చున్న బట్టలు నలిగిపోయి ఉన్నాయి. గడ్డం మాసి ఉంది. దయామణిని చూడగానే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అమ్మా, ఒక్క రోజు. ఒక్క పూట. వచ్చి గుచ్చుకుని వెళ్ళిపోండమ్మా. వచ్చే మార్చికి రిటైరవుతాను. ఈ మచ్చతో నన్ను పంపకండి."

దయామణికి జాలేసింది. రాజారత్నం వంటింట్లోంచి తొంగిచూసి, ఆవిడ ఏమంటుందో అని గరిటె పట్టుకునే నిలబడ్డాడు.

"వస్తే అక్కడ ఉన్నట్టవుతాను కదండీ," అంది ఆవిడ. "ఉంటే మళ్ళీ రిలీవ్ కావాలి. రిలీవ్ కావాలంటే స్లాటు మూడు, స్లాటు నాలుగు. నేను రానండి. ఇంకో తొమ్మిదేళ్ళు మా వల్ల కాదు."

ఆయన తల దించుకున్నారు.

"అయినా ఇంత దూరం వచ్చారు. నేను రానక్కర్లేదండి, మీరు ఒక్క ముక్క రాస్తే చాలు," అంటూ ఆవిడ కాగితమూ పెన్నూ తెచ్చి బల్లమీద పెట్టింది. "మీరు గెజిటెడ్ అధికారి. మీ మాటకి విలువుంటుంది. నేను మీకు కనిపిస్తున్నానాండి?"

"కనిపిస్తున్నారమ్మా."

"నేనేనాండి?"

"ముమ్మాటికీ మీరే."

"అయితే అదే రాయండి. దయామణి గుట్టపల్లెలో ఉంది, నేను వెళ్ళి నా కళ్ళతో చూశాను అని. కిందే నేనూ సంతకం పెడతాను. మా ఆయన సాక్షి. త్రివిక్రమం గారు ఒప్పుకోకపోతే పైకి వెళ్దాం, కోర్టుకి వెళ్దాం, నేనొచ్చి చెప్తాను. ఎవరో ఒకరు మొదట ఆ మాట రాయాలి కదండీ! మీరే రాయండి."

గున్నేశ్వరరావుగారు కుర్చీ ముందుకి జరుపుకుని, పెన్ను మూత తీసి, ఇందుమూలముగా తెలియజేయునదేమనగా అని మొదలుపెట్టారు. ఊరు పేరు రాశారు. వీధి రాశారు, తారీఖు రాశారు. సీనియర్ అసిస్టెంటు శ్రీమతి దయామణిని నేను స్వయముగా అని రాశారు. 'నా' అని రాశారు. అక్కడ పెన్ను ఆగిపోయింది. ఆయన తలెత్తి ఆవిణ్ణి చూశారు, కాగితాన్ని చూశారు, మళ్ళీ ఆవిణ్ణి చూశారు. వంటింట్లో రాజారత్నం గరిటె తిప్పడం మానేశాడు.

గున్నేశ్వరరావుగారు గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టుగా అడిగారు.

"ఇంట్లో కంప్యూటరేమన్నా ఉందామ్మా?"

దయామణి ఆయన చేతిలోంచి పెన్ను తీసుకుని, ఉప్మా ప్లేటు పెట్టింది.